మిద్దె మీద నుంచి నెబ్యులా ఫోటో: ఫిల్టర్ కొనాలా, వద్దా?

తిరుపతిలో మిద్దెక్కి చూస్తే ఆకాశం నల్లగా ఉండదు, లైట్ల వెలుగుకి తెల్లబారి ఉంటుంది. మరి ఫిల్టర్ కొంటే సరిపోతుందా? అది మీరు దేన్ని ఫోటో తీస్తారో దాన్నిబట్టి ఉంటుంది.

గొల్లకావడి చుక్కల పక్కనుండే ఓరియన్ నెబ్యులాలో హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. హెచ్-ఆల్ఫా ఫిల్టర్ ఆ ఒక్క రంగునే వదిలి, వీధిలైట్ల వెలుగుని చాలావరకు ఆపేస్తుంది.

ఆండ్రోమెడా గెలాక్సీ అలా కాదు. అది నక్షత్రాల వెలుగు, అన్ని రంగులూ ఉంటాయి. ఫిల్టర్ పెడితే గెలాక్సీ కూడా మసకబారిపోతుంది. దానికి చీకటే కావాలి. చిత్తూరు దాటాక తమిళనాడులో, కావలూరు అడవి మధ్య వైను బప్పు అబ్జర్వేటరీ కట్టింది కూడా చీకటి కోసమే కదా!

మబ్బుకి మాత్రం ఏ ఫిల్టరూ పనిచేయదు. చిన్న ఎక్స్‌పోజర్లు చాలా తీసి, మబ్బు పడినవి తీసేసి, మిగతావి స్టాక్ చేయండి.

గెలాక్సీనే కావాలంటే ఫిల్టర్ డబ్బులు దాచుకోండి. అమావాస్య రాత్రి ఊరవతలికి వెళ్లండి. మళ్లీ కలుద్దాం!