అరెస్టయిన రాత్రి వకీలును చూసుకోవడం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల మీద మాట్లాడమంటారనుకున్నాను. కార్యదర్శిగారు మాత్రం "మీ ఇంట్లో జరిగింది చెప్పండి, నలుగురికీ పనికొస్తుంది" అన్నారు. చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గే నా కొంప ముంచింది గనుక చెబుతున్నాను.

ముప్ఫైనాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి పోలీసు స్టేషను మెట్టెక్కని వాణ్ణి. కిందటేడు ఒక రాత్రి పొలంగట్టు తగాదాలో మా మేనల్లుణ్ణి పట్టుకుపోయారు. మా బావగారు లేరు. చెల్లెలు "అన్నయ్యా, నువ్వే దిక్కు" అని ఫోను చేసింది. స్టేషనెదుట టీకొట్టు దగ్గర ఒకాయన "మా వకీలుగారు తెల్లారేసరికి బయటకు తెస్తారు, ఇరవై వేలు ఇవ్వండి" అన్నాడు. మా ఆవిడ కంటి ఆపరేషనుకని బీరువాలో దాచిన డబ్బు, ఆవిడకు చెప్పకుండా తీసుకెళ్ళి ఇచ్చాను. వోచరు లేనిదే అర్ధరూపాయి బిల్లు పాసు చేయని వాణ్ణి, ఆ రాత్రి రసీదు అడగలేదు!

మర్నాడు మేజిస్ట్రేటుగారి ఎదుట ఆ వకీలు లేడు. న్యాయసేవల సంస్థ తరఫున ఒక యువ వకీలు పైసా తీసుకోకుండా లేచి మాట్లాడాడు. అయినా 14 రోజుల రిమాండు పడింది.

తరువాత, కోర్టులో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు నన్ను కూర్చోబెట్టి చెప్పిన సంగతులివి.

ఒకటి: కంగారు వద్దు. ప్రయాణం వేళ పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలోని మాట. అరెస్టుకు కారణం చెప్పాలి. తనకు నచ్చిన వకీలును కలుసుకునే హక్కు అరెస్టయినవారికి ఉంది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ హక్కులున్నాయి.

రెండు: డబ్బు లేదని దిగులుపడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. ఫోను నంబరు 15100.

మూడు: వకీలును మధ్యవర్తి ద్వారా కాక స్వయంగా కలవండి. ఆ కోర్టులో క్రిమినల్ కేసులు నడుపుతారా, తామే వస్తారా లేక జూనియరును పంపుతారా అని అడగండి. బెయిలుకెంత, విచారణకెంత అని విడివిడిగా రాయించుకుని రసీదు తీసుకోండి. "బెయిలు గ్యారంటీ" అన్నవారికి దణ్ణం పెట్టి వచ్చేయండి. ఫలితాన్నిబట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం.

నాలుగు: ఎఫ్.ఐ.ఆర్. నకలు, జామీను నిలిచేవారి కాగితాలు సిద్ధం చేసుకుని వెళ్ళండి. వకీలు దగ్గర నిజం దాచవద్దు, టీకొట్టు దగ్గర నోరు విప్పవద్దు.

ఐదు: పిల్లవాడు ప్రభుత్వోద్యోగి అయితే కస్టడీ 48 గంటలు దాటితే సస్పెన్షనులో ఉన్నట్టే లెక్క. ఆ సంగతి వకీలుకు మొదటే చెప్పాలి.

ఇవన్నీ అడిగి పెట్టుకున్న వకీలు తొమ్మిదో రోజున బెయిలు తెచ్చారు. కేసు ఇంకా నడుస్తోంది. కంటి ఆపరేషను రెండు నెలలు వెనకబడింది. విషయం తెలిసినప్పుడు మా ఆవిడ కోప్పడలేదు. "ఒక్కమాట చెబితే పోయేదా? మా తమ్ముడి స్నేహితుడు వకీలే కదండీ" అంది. జవాబు లేకపోయింది నాకు.

అరెస్టయినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. కనుక మిత్రులారా, అలాంటి రాత్రి ఎవరికీ రాకూడదు, వస్తే మాత్రం తలుపులు వేసుకుని కూర్చోవద్దు. ముందు ఇంట్లోవారికి, ఆ పైన మన సంఘంలో ఒకరికి చెప్పండి.