పాత వాచీకి మళ్ళీ ప్రాణం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్మీడియట్ చదివి 1989లో సిగ్నల్స్ లో చేరాను. మాది గిద్దలూరు వైపు పల్లె. 28 ఏళ్ళ సర్వీసు తర్వాత సుబేదారుగా రిటైరై ఈ పూనాలోనే స్థిరపడ్డాను. ఇప్పుడేం చేస్తున్నారని అడిగినవాళ్ళకి, పాత వాచీలు కొని బాగు చేయించుకుంటున్నానని చెబితే నవ్వుతారు. కార్యదర్శిగారు ఆ సంగతే నాలుగు మాటలు చెప్పమన్నారు.

మన ఫౌజులో టైము విలువ గురించి మీకు చెప్పక్కర్లేదు. సిగ్నల్స్ లో ప్రతి సందేశానికీ తారీఖు, టైము కలిపి ఆరంకెలు వేస్తాం. 051430 అంటే అయిదో తారీఖు మధ్యాహ్నం రెండున్నర. డ్యూటీ మారేటప్పుడు ముందు వాచీలు కలుపుకునేవాళ్ళం, తర్వాతే మిగతా మాటలు. ఆ రోజుల్లో చాలామంది చేతికి ఉన్నది హెచ్.ఎం.టి.యే.

ఆ కంపెనీ కథ క్లుప్తంగా చెబుతాను. జపాన్ వారి సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలైంది. తర్వాత తుంకూరు, రాణీబాగ్ లాంటి చోట్ల కూడా ఫ్యాక్టరీలు వచ్చాయి. జనతా, పైలట్, కోహినూర్, సోనా, కాంచన్ అని ఎన్నో రకాలు. మనవాళ్ళ పేరు మీద 'జవాన్' అని కూడా ఒకటి. బ్యాటరీ వాచీలు వచ్చాక కీ వాచీని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. చివరికి 2016 జనవరిలో ఆ వాచీల కంపెనీని మూసెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మన హైదరాబాదులోని హెచ్.ఎం.టి. బేరింగ్స్ కూడా ఆ నిర్ణయంలోనే పోయింది.

ఇక కొనే సంగతి. ఇక్కడ మంగళవార్ పేట దగ్గర ఆదివారం, బుధవారం జూనా బజారు పెడతారు. తుప్పు పట్టిన తాళాల దగ్గర్నుంచి గ్రామఫోను దాకా అన్నీ నేల మీదే పరుస్తారు. అక్కడే 600 రూపాయలకి ఒక జవాన్ వాచీ కొన్నాను. కొనేముందు నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది డయలు. పాత డయలుకి కొత్త రంగు పూసి అమ్మేవాళ్ళు చాలామంది. కంపెనీ ఎన్నడూ వెయ్యని రంగుల్లో జనతాలు కనిపిస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే అక్షరాలు ఒరిగి ఉంటాయి, అంచులు చెదిరి ఉంటాయి. కొంచెం పసుపు తిరిగినా సరే, అసలు డయలే మంచిది. రెండోది కీ. తిప్పితే మెత్తగా తిరగాలి, బయటికి లాగితే ముళ్ళు కదలాలి. మూడోది, వెనక మూత తీయించి తుప్పు చూడాలి. స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో మోటుగా విప్పారని అర్థం. నాలుగోది, లోపలి బ్యాలెన్స్ చక్రం. వాచీని చేతిలో మెల్లగా ఊపితే ఆ చక్రం అటూ ఇటూ స్వేచ్ఛగా ఊగాలి. అది ఊగితే మిగతాది చాలావరకు బాగు చెయ్యొచ్చు. గాజు గీతలు పడిందని మాత్రం భయపడకండి. అది ప్లాస్టిక్ లాంటి గాజు. మనం బెల్టు బకిల్ కి రుద్దిన బ్రాసో గుడ్డమీద కొంచెం వేసి రుద్దితే చిన్న గీతలు పోతాయి.

రిపేరుకి నేను వెళ్ళేది రాస్తాపేటలో ఒక చిన్న కొట్టుకి. మనిషి కూర్చుంటే మోకాళ్ళు బల్లకి తగులుతాయి. ఆయన తాతగారు కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి సోలాపూర్ వచ్చిన పద్మశాలీ. ఆయన తెలుగులో సగం మరాఠీయే. పక్కన కూర్చోనిచ్చి పని అంతా చూపించాడు. ముందు స్ప్రింగులో ఉన్న బలం మెల్లగా వదిలించాలి, లేకపోతే చక్రాల పళ్ళు విరుగుతాయి. తర్వాత బ్యాలెన్స్ తీసి, ఒక్కొక్క చక్రమూ విప్పి, వైట్ పెట్రోల్ లో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కూర్చాలి. అందులో 17 రాళ్ళుంటాయి. ఇరుసులు అరిగిపోకుండా కెంపు రాయిలో తిరుగుతాయన్నమాట. ఆ రాళ్ళ దగ్గర సూదిమొన మీద పట్టేంత నూనె పెట్టాలి, అంతే. ఎక్కువైతే దుమ్ము పట్టి వాచీ ఆగుతుంది. పాత వాచీలు ఆగిపోవడానికి పెద్ద కారణం విరగడం కాదు, ఏళ్ళ తరబడి నూనె ఎండిపోవడం. మొత్తం ఖర్చు 700 రూపాయలు. ఇప్పుడు అది గంటకి 18,000 సార్లు, అంటే సెకనుకి అయిదు సార్లు కొట్టుకుంటోంది.

నేను పాత వాచీలు పట్టుకు తిరుగుతున్నానని తెలిసి నా స్నేహితుడి కొడుకు శ్రీకాకుళం నుంచి వచ్చాడు. వాళ్ళ నాన్నా నేనూ జబల్పూర్ ట్రైనింగులో పక్కపక్క మంచాలు. రిటైరైన రెండేళ్ళకే గుండెపోటుతో పోయాడు. "బాబాయ్ గారూ, నాన్న వాచీ. అమ్మ పెట్టెలో ఉంది. కొత్తదానిలా చేయించండి" అన్నాడు అబ్బాయి. మా రిపేరు ఆయన మూత తిప్పి చూసి, "పాలిష్ పట్టి కొత్తదాని లెక్క చేస్తా సాబ్" అన్నాడు. ఆ మూత మీద మేకుతో గీసుకున్న వాడి ఆర్మీ నంబరు ఉంది. సామాను మారిపోకుండా ట్రంకు పెట్టె మీద, మగ్గు మీద మనమంతా రాసుకునే నంబరే. పాలిష్ పడితే అది పోతుంది.

అబ్బాయికి ఆ నంబరు చూపించాను. వాడు దాన్ని అంతవరకూ గమనించలేదట. బొటనవేలితో రెండుసార్లు తడిమి, "అయితే మూత ముట్టుకోవద్దు బాబాయ్ గారూ" అన్నాడు. లోపల శుభ్రం చేయించాం, మెయిన్ స్ప్రింగు మార్పించాం, స్ట్రాపు కొత్తది వేయించాం. మూత, డయలు అలాగే ఉంచాం. రోజుకి ఒక నిమిషం వెనకబడుతుంది. పోయిన నెల వదినగారు ఫోన్ లో మాట్లాడుతూ, పొద్దున్నే దీపం పెట్టాక దానికి తనే కీ ఇస్తున్నానని చెప్పింది.

బాగు చెయ్యడమంటే కొత్తది చెయ్యడం కాదని నాకు అక్కడ తెలిసింది. నడవడానికి అడ్డమైనది తీసెయ్యాలి, మనిషి గుర్తు ఉన్నది వదిలెయ్యాలి.

చివరిగా ఒక మనవి. మీ ఇళ్ళలో, బీరువా అడుగున, ఇలాంటి వాచీ ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ రిపేరు ఆయనకి అరవై దాటాయి. కొడుకు సెల్ ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు, ఈ పని నేర్చుకోలేదు. విడిభాగాలు కూడా పాత వాచీలు విప్పి తీసుకోవాల్సిందే. కనక ఆ చేతులు ఉన్నప్పుడే చేయించుకోండి. బాగయ్యాక రోజూ ఒకే వేళకి కీ ఇవ్వండి, బిగుసుకోగానే ఆపండి, నీళ్ళు తగలనివ్వకండి, స్పీకర్లలాంటి అయస్కాంతం ఉన్న వస్తువుల పక్కన పెట్టకండి. కొన్నేళ్ళకోసారి విప్పించి నూనె పెట్టించండి. పిల్లల చేతికిచ్చి, ఇది ఎవరిదో, ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పండి.

నాకిచ్చిన టైము అయిపోయింది, వాచీల గురించి మాట్లాడుతూ టైము దాటకూడదు. సెలవు. జై హింద్.