నీరు లేని ఆఫ్‌సెట్ ముద్రణ
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో మేము వినుచున్న మాట యొకటి గలదు. తెలుగు పుస్తకములు వేళకు రావు. వచ్చినవాటిలో అక్షరములు అలికినట్లుండును. మొదటిదానిని సంఘమువారు చూచుకొనుచున్నారు. రెండవదానికి గల కారణములలో ముఖ్యమైనదానిని, దాని నివారణకు కనిపెట్టబడిన యొక పద్ధతిని గూర్చి నేడు మనవి చేయుదుము. మీలో కొందరు ముద్రణాలయములలో పనిచేయువారే. వారికిది తెలిసిన కథ, కొంచెము ఓర్చుకొనవలెను.

ఆఫ్‌సెట్ ముద్రణకు మూలము రాతియచ్చు. 1796 ప్రాంతమున బవేరియా దేశమున అలోయిస్ సెనెఫెల్డరు అను నాటకకర్త, తన నాటకములను అచ్చొత్తించు ఖర్చు భరింపలేక ఉపాయము వెదకుచు దీనిని కనుగొనెను. నూనెకును నీటికిని పొసగదని వంటయింటిలో నెరిగిన సంగతియే దీనికాధారము. జిడ్డుతో రాతిపై వ్రాసి రాతిని తడిపినచో, సిరా వ్రాతకే యంటును గాని తడిచోట నంటదు. రాతికి బదులు అల్యూమినియం ప్లేటు వచ్చినది. ప్లేటు మీది అచ్చు మొదట రబ్బరు గుడ్డపైకి, అందుండి కాగితముపైకి దిగుట వచ్చినది. నీరు మాత్రము పోలేదు.

చిక్కంతయు ఆ నీటితోనే. ఎక్కువైనచో సిరా వెలవెలబోవును. తక్కువైనచో ఖాళీ జాగాకు మసి యెక్కును. రెండును తూకమునకు వచ్చువరకు ఎన్నో కాగితములు చెత్తబుట్ట పాలగును. లక్ష ప్రతులు వేయువారికి ఈ నష్టము లెక్కలోనికి రాదు. మన పుస్తకములవలె వేయి ప్రతులే వేయునప్పుడు ప్రతి పుస్తకము మీదను దాని భారము పడును. నీరు సిరాలో కలిసిపోవును, కాగితమును సాగదీయును. రంగుబొమ్మలలోని చుక్కలు లావెక్కును. రంగు నేలపై తెల్లగా వేసిన చిన్న అక్షరములు పూడిపోవును. థకారము కడుపులోని చుక్క కనబడకున్నచో, అప్పుడే చదువ నేర్చిన బిడ్డ దానిని ధకారమనక యేమనును?

నీరు లేని పద్ధతిలో ప్లేటుపై సన్నని సిలికోను రబ్బరు పొర యుండును. సిరా తనలో తాను పట్టుకొనియుండునే గాని సిలికోనును పట్టుకొనదు. అక్షరము, బొమ్మ ఉండవలసిన చోట్ల ఆ పొరను తొలగింతురు. క్రింది పొర సిరాను గ్రహించును. సిరా ఆ కొద్దిపాటి లోతులో నిలుచుటచే చుక్క అంతగా వ్యాపింపదు. మామూలుగా అంగుళమునకు 150 నుండి 175 గీతల సూక్ష్మతతో వేయు బొమ్మలను, ఇందు 300 గీతలకు మించియు వేయవచ్చును. అమెరికాలో 3ఎం సంస్థ 1960ల చివర దీనిని ప్రారంభించి తరువాత విడిచిపెట్టగా, జపానుదేశపు టోరే సంస్థ 1970లలో చేపట్టి నిలబెట్టినది.

మేము అన్నిటికంటె మిన్నగా నెంచునది వేరొకటి. మామూలు పద్ధతిలో ప్లేటును తడుపు నీటిలో చాలచోట్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలుపుదురు. అది ఆవిరియై గదిలో నిండును. యంత్రము కడ నిలుచువారు దినమంతయు దానిని పీల్చవలెను. ఆ నీరే లేనిచోట ఆ ఆవిరియు లేదు. యంత్రమును కడుగు ద్రావకముల వాసన మాత్రము ఇందును ఉండును. మన యిండ్లనుండి ప్రెస్సు పనికి పోవువారి దృష్టితో చూచినచో ఇది చిన్న లాభము కాదు.

లోపములును గలవు. నీరు యంత్రమును చల్లబరచెడిది. అది లేకున్న రోలర్లు వేడెక్కి సిరా పలుచబడి సిలికోనుకును అంటుకొనును. అందుచే రోలర్ల లోపల చల్లని నీటిని ప్రవహింపజేయుదురు. నీరు లేని ముద్రణకును లోపల నీరు తప్పలేదన్నమాట! ప్లేట్ల వెల యెక్కువ. గీత పడినచో అక్కడ సిరా పట్టును. కాగితపు నూగును కడిగివేయుటకును నీరుండదు గనుక మంచి కాగితమే వాడవలెను.

ఈ సంచికకై మేము విచారించిన రెండు ముద్రణాలయములలోను ఈ పద్ధతి లేదు. కావున దీనిని మామూలు ఆఫ్‌సెట్టుననే వేయించుచున్నాము. రంగు నేలపై చిన్న తెల్లయక్షరములు వేయవలదనియు, మొదటి షీటును మాకు చూపిన పిమ్మటనే తక్కినవి అచ్చు వేయవలెననియు ముద్రాపకులతో ఒడంబడిక చేసికొన్నాము. ఆ షీటును చూచుటకు మీలో ప్రెస్సు పని తెలిసినవారు ఇద్దరు మాతో వచ్చినచో సంతోషింతుము.