చిటికెడు తోలు: స్నూకర్ క్యూకు నమ్మదగిన టిప్పును ఎన్నుకొనుట

[దృశ్యము: చిన్న స్నూకర్ గది. పచ్చని బల్ల మీద దీపపు వెలుగు. క్యూ కొన తెర నిండుగా.]

గడచిన వేసవిలో ఒకనాటి సాయంకాలము ఆత్మకూరు పట్టణమందు, మేడమీద ఒకే ఒక బల్ల వేసియున్న చిన్న స్నూకర్ గదిలో, పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడొకడు నల్లబంతిని పాకెట్టులో పడగొట్టి, ఆ వెంటనే తెల్లబంతి తనవైపునకు మరలి రావలెనను తలంపుతో దాని అడుగుభాగమును గురిచూచి కొట్టగా, నిండుగా వినిపింపవలసిన దెబ్బకు మారుగా గీరినట్లొక కీచుధ్వని పుట్టి, తెల్లబంతి దారితప్పి ప్రక్కకు జారిపోయినది. వాడు క్యూను గోడకు ఆనించి, "ఏందన్నా ఇది, ఈ క్యూ పనికిరాదు, వేరేది కొనుక్కోవాల్సిందే" అనెను. నేను ఆ క్యూను వెలుతురునకు పట్టి చూచితిని. కఱ్ఱలో వంకర లేదు; ఇత్తడి తొడుగు బిగి సడలలేదు; కొననున్న తోలుబిళ్ళ మాత్రము నూనె రాచిన నాపరాయివలె మెఱయుచు, నడుమ చదునై, అంచులు పుట్టగొడుగువలె ఇత్తడిమీదికి వ్రాలియుండెను. "క్యూలో తప్పు లేదు తమ్ముడూ, తప్పంతా ఈ చిటికెడు తోలులో ఉన్నది" అని నేను చెప్పితిని. ఆ తోలుబిళ్ళనే మనము టిప్పు అనుచున్నాము. దానిని ఎట్లు ఎన్నుకొనవలెను, ఎట్లు అతికింపవలెను, ఎట్లు కాపాడుకొనవలెను అనునదే నేటి మన విషయము.

[దృశ్యము: తెల్లబంతి, దాని ప్రక్కన టిప్పు. రెంటి కొలతలు తెరపై.]

ముందుగా ఈ బిళ్ళ చేయు పనిని తెలిసికొందము. స్నూకర్ బంతి వ్యాసము 52.5 మిల్లీమీటర్లు, టిప్పు వ్యాసము సామాన్యముగా 9 మొదలు 10 మిల్లీమీటర్లు. ఈ రెండును ఒకదానినొకటి తాకియుండు కాలము సెకనులో ఇంచుమించు వేయవ వంతు. మీరు గంటలకొలది నేర్చిన నిలుకడయు, చేతి ఊపును, చూపు గురియు ఆ స్వల్పకాలమందే, ఆ స్వల్పస్థలము గుండనే బంతికి చేరవలెను. బంతి నునుపైనది, దానిని కఱ్ఱతోగాని లోహముతోగాని ప్రక్కగా కొట్టినచో కొన జారిపోవును. తోలు అట్లు కాదు. దెబ్బ తగిలినప్పుడు రవంత అణగి, మరల యథాస్థితికి వచ్చును. తన పీచులలో చాక్ పొడిని నిలుపుకొని, ఆ పొడిలోని గరుకుతో బంతిని క్షణకాలము పట్టుకొనును. ఆ పట్టువలననే బంతికి భ్రమణము కలుగుచున్నది.

ఈ పట్టునకు ఒక హద్దు కలదు. చాక్ చక్కగా పట్టిన మంచి టిప్పుతోనైనను బంతి నడిబిందువునుండి వ్యాసార్ధములో సుమారు సగము దూరమువరకే, అనగా 13 మిల్లీమీటర్లవరకే, మనము జరిగి కొట్టగలము. అది దాటినచో ఎంతటి నేర్పరికైనను మిస్‌క్యూ, అనగా టిప్పు బంతిమీద జారిపోవుట, తప్పదు. టిప్పు అరిగి, మెఱుపు తేలి, చాక్‌ను విడిచివేయునప్పుడు ఈ హద్దు లోపలికి కుంచించుకొనిపోవును. ఆ కుఱ్ఱవాడు నిన్న కొట్టిన చోటనే నేడును కొట్టినాడు. కాని హద్దు నిన్నటి చోట లేదు.

[దృశ్యము: పాత చిత్రములవంటి రేఖాచిత్రములు.]

చరిత్రను కొంచెము స్మరింతము. ఈ యాట మన దేశమందే జన్మించినది. 1875వ సంవత్సరమున జబల్‌పూర్ సైనిక శిబిరమున నెవిల్ ఛాంబర్లేన్ అను యువ అధికారి, అప్పటి బల్లయాటలను కలిపి ఈ క్రీడను రూపొందించెననియు, పిమ్మట ఉదకమండలపు క్లబ్బులో దీని నియమములు స్థిరపడెననియు చెప్పుదురు. అంతకు పూర్వమే, పందొమ్మిదవ శతాబ్దారంభమున, ఫ్రాంస్వా మేంగో అను ఫ్రెంచి సైన్యాధికారి క్యూ కొనకు తోలుబిళ్ళను అతికించి బిలియర్డ్స్ క్రీడ రీతినే మార్చివేసెను. వట్టి కఱ్ఱకొనతో సాధ్యముకాని భ్రమణము తోలువలన సాధ్యమయ్యెను. 1958లో విల్సన్ జోన్స్ బిలియర్డ్స్‌లోను, 1984లో ఓం అగర్వాల్ స్నూకర్‌లోను ప్రపంచ అమెచ్యూర్ విజేతలైనప్పుడు వారి నైపుణ్యమును బంతికి అందించినదియు ఈ తోలుబిళ్ళయే.

[దృశ్యము: ఆత్మకూరు ఉదయగిరి దారి. పూచిన తంగేడు పొద.]

తోలు అనగానే మన ప్రాంతపువారికి ఒక సంగతి గుర్తునకు రావలెను. మెట్టచేల గట్లమీద పసుపుపచ్చని పూలతో నిలుచు ఈ తంగేడు బతుకమ్మ పూవు మాత్రమే కాదు. దీని చెక్కతో, అనగా బెరడుతో, దక్షిణదేశమున తరతరములుగా తోళ్ళను పదునుచేసిరి. పచ్చితోలు కుళ్ళిపోవు పదార్థము. చెక్కలోని వగరు అందలి పీచులకు పట్టి వానిని స్థిరపఱచినపుడు అది కుళ్ళక, ఎండి విఱుగక, వంగియు నిలువగల వస్తువగును. ఈ విద్యను ఆధునిక శాస్త్రముగా పెంచినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడే: తెనాలి సమీపపు యలవఱ్ఱున 1922లో జన్మించి, 1958 మొదలు 1971 వరకు మదరాసు కేంద్రీయ చర్మ పరిశోధనాలయమునకు అధిపతిగా ఉండిన యలవర్తి నాయుడమ్మగారు. కనుక టిప్పును చేతబట్టినప్పుడు ఇదేదో దూరదేశపు మాయావస్తువని భావింపనక్కఱలేదు. ఇది పదునుచేసిన తోలు. తోలునకు గల గుణములన్నియు, దోషములన్నియు దీనికిని ఉండును.

[దృశ్యము: గాజు పలక మీద రెండు వరుసలుగా టిప్పులు.]

టిప్పులు ప్రధానముగా రెండు జాతులు. మొదటిది ఒంటితోలు టిప్పు: ఒకే తోలుముక్కను బిళ్ళగా కోసి, నొక్కి చేసినది. ఎల్క్ మాస్టర్, బ్లూ డైమండ్ అను పేర్లతో మన గదులలో కనిపించునవి ఈ జాతివే. ఇవి చౌకయైనవి, బంతికి తగిలినపుడు మృదువైన అనుభూతినిచ్చును. కాని జంతువు వీపుతోలును పొట్టతోలును ఒక్కతీరుగా ఉండవు గనుక, ఒకే డబ్బాలోని రెండు బిళ్ళలలో ఒకటి గట్టిగాను ఒకటి మెత్తగాను ఉండుట కద్దు. రెండవది పొరల టిప్పు: పలుచని పందితోలు పొరలను జిగురుతో ఒకదానిపై నొకటి పేర్చి, అదిమి చేసినది. జపాను దేశపు మూరీ, కామూయీ టిప్పులు ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినవి. వీనిలో మెత్తనివి, మధ్యమములు, గట్టివి అను తరగతులుండును. ఒకదానికొకటి పోలిక ఎక్కువ. ఆకృతిని ఎక్కువకాలము నిలుపుకొనును. వెల మాత్రము పలురెట్లు.

ఈ పొరల టిప్పు విషయమున నేనొక పాఠము నేర్చుకొంటిని. ప్రసిద్ధమైన పేరు ముద్రించిన టిప్పు ఒకటి నమ్మశక్యము కానంత చౌకగా దొరకుచున్నదని సంతోషించి, ఇంటర్నెట్టు ద్వారా తెప్పించుకొని అతికించితిని. మూడవనాడు ఆట నడుమ పై రెండు పొరలు ఉల్లిపొరవలె లేచి వచ్చినవి. పేరున్నచోట నకలు పుట్టును. వెలయే మొదటి హెచ్చరిక. అప్పటినుండి క్యూలు బాగుచేయు తెలిసినవానియొద్దనే కొనుచున్నాను.

మరి గట్టిది మేలా, మెత్తనిది మేలా? ఈ ప్రశ్న నన్ను అందఱును అడుగుదురు. మెత్తని టిప్పు చాక్‌ను బాగుగా నిలుపుకొనును, కాని త్వరగా అణగి అంచులు వ్రాలును. గట్టిది ఎక్కువకాలము మన్నును, కాని మెఱుపు తేలి జారుటకు అవకాశమెక్కువ. నేర్చుకొనువారికి మధ్యమము ఉచితము. అయితే నా మనవి వేఱొకటి. మంచి టిప్పునకు లక్షణము గట్టిదనమును కాదు, మెత్తదనమును కాదు. నిన్న ఎట్లు పలికెనో నేడును అట్లే పలుకుట. చేయి ఒక దెబ్బను నేర్చుకొనునది పదేపదే ఒకే ఫలితమును చూచుటవలననే గనుక, ఫలితము దినదినము మాఱుచున్నచో చేతికి నేర్చుకొను దారియే లేదు. అందువలన మీకు సరిపడిన ఒక తరగతిని ఎన్నుకొని, దానినే విడువక వాడుడు.

[దృశ్యము: ఉదయగిరి కొయ్య చెంచా. పిడిమీది సన్నని నగిషీ దగ్గరగా.]

ఎన్నుకొను విధమును ఉదయగిరి పనివారినుండి నేర్వవచ్చును. 1514లో శ్రీకృష్ణదేవరాయలు జయించిన దుర్గము నీడలో ఈనాటికిని నర్ది, బిక్కి మొదలగు అడవికొయ్యలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కి, భౌగోళిక గుర్తింపును పొందిన కుటుంబములు కలవు. ఈ చెంచాను చూడుడు: నార పిడినుండి గిన్నె అంచువరకు తెగక సాగినది. నార తెగిన కొయ్యతో ఎంత అందమైన నగిషీ చెక్కినను చెంచా అక్కడనే విఱుగును. నగిషీకి ముందు నారను చూచువాని కన్ను టిప్పు కొనువానికిని కావలెను.

ఆ కంటితో నాలుగు పరీక్షలు చేయుడు. మొదటిది చూపు: టిప్పు ప్రక్కభాగమును వెలుతురులో త్రిప్పి చూచినపుడు పొరల నడుమ సందుగాని, ఒంటితోలులో పగులుగాని కనబడరాదు. రెండవది అడుగు: గాజు పలకమీద పెట్టినపుడు ఊగక నిలువవలెను, ఊగినచో పలకమీద ఉప్పుకాగితము పఱచి, దానిపై బిళ్ళను తిన్నగా రుద్ది చదునుచేయవచ్చును. మూడవది గోరు: గోటితో నొక్కినపుడు రవంత లొంగి గుర్తు మాసిపోవలెను, పిండివలె దిగబడినది పనికిరాదు. నాలుగవది చెవి: గచ్చునేలమీద జానెడెత్తునుండి బిళ్ళలను ఒక్కొక్కటిగా జారవిడిచి వినుడు. వినుడు...

[శబ్దము: నాలుగు బిళ్ళలు నేలను తాకిన ధ్వని. మూడు ఒక్కతీరు, ఒకటి మందము.]

ఆ నాలుగవది మందముగా పలికినది. అది చెడ్డదని కాదు; మిగిలిన మూటి జాతి కాదు. ఒకే ధ్వని పలికిన మూటిని ఒక డబ్బాలో దాచుకొన్నచో, ఒకటి అరిగినపుడు రెండవది అదే స్వభావముతో సిద్ధముగా ఉండును.

[దృశ్యము: పాత టిప్పును బ్లేడుతో తీసివేయుట.]

ఇక అతికించుట. పాత టిప్పును బ్లేడుతో తీసివేసి, ఇత్తడి తొడుగు ముఖమును పాతజిగురు లేకుండ చదునుగా శుభ్రముచేయవలెను; ఇచట అంచులు గుండ్రబడినచో ఎంత మంచి టిప్పైనను నిలువదు. తొడుగుకంటె అర మిల్లీమీటరు పెద్దదైన బిళ్ళను తీసికొని, దాని అడుగును ఉప్పుకాగితముతో గరుకుచేసి, సూపర్ గ్లూ ఒక్క చుక్క వేసి, నడిమికి కూర్చి గట్టిగా అదిమి, ఆ రాత్రి అట్లే విడిచిపెట్టుడు. మఱునాడు క్యూను తలక్రిందులుగా చెక్కపలకమీద నిలిపి, మిగిలిన అంచును బ్లేడుతో కోయుడు. పిమ్మట ప్రక్కభాగమును కొంచెము తడిచేసి తోలుముక్కతో వేడి పుట్టునట్లు రుద్దినచో అంచు గట్టిపడి త్వరగా వ్రాలదు.

[దృశ్యము: ఖడ్గమృగపు బొమ్మ గల ఉక్కు పావలా, దాని ముందు టిప్పు.]

తుదకు పైభాగమును గుండ్రముగా దిద్దవలెను. ఎంత గుండ్రముగా? ఇందాక చెప్పిన 13 మిల్లీమీటర్ల హద్దుకడ బంతి ఉపరితలము సుమారు 30 డిగ్రీలు వాలియుండును. టిప్పు అంచుకడ వంపును అంతే వాలియున్నగాని తోలు బంతిని నిండుగా తాకదు. వ్యాసము 9.5 మిల్లీమీటర్లున్న టిప్పునకు లెక్కకట్టినచో, 19 మిల్లీమీటర్ల వ్యాసము గల వృత్తపు వంపు కావలెనని తేలును. 2011లో చెలామణి నుండి తొలగిన ఈ ఉక్కు పావలా వ్యాసము ఇంచుమించు అంతే! మీ ఇంట పాతడబ్బాలో ఒకటి దొరకకపోదు. దానిని టిప్పు వెనుక నిలిపి వెలుతురునకు ఎదురుగా పట్టి, రెండు వంపులును ఏకమగువరకు ఉప్పుకాగితముతో నెమ్మదిగా దిద్దుడు.

కొత్త టిప్పు మొదటి కొన్ని గంటలు అణగుచు సర్దుకొనుచుండును గనుక, అతికించిననాడే పందెమాట ఆడవలదు. ప్రతి దెబ్బకు ముందు చాక్‌ను గుంత త్రవ్వినట్లు కాక, కుంచెతో రంగు పూసినట్లు పూయుడు. మెఱుపు తేలినపుడు ఉప్పుకాగితముతో తేలికగా గరుకుచేయుడు. ఎక్కువ గీచినచో ఆయుష్షు తగ్గును. మన మెట్టప్రాంతపు ఎండలలో క్యూను రేకుల కప్పు క్రిందగాని, మూసిన కారులోగాని విడువవలదు. వేడికి జిగురు బలహీనపడును, తోలు ఎండి బిరుసెక్కును. టిప్పు పలుచబడి, తొడుగుపైన రెండు మిల్లీమీటర్లకంటె తక్కువ మిగిలినపుడు మార్చివేయుడు.

[దృశ్యము: మరల అదే గది. అదే బల్ల.]

మీలో ఎవరికైనను క్యూ మార్చవలెనన్న ఆలోచన యున్నచో, ముందుగా దాని కొనను వెలుతురునకు పట్టి చూడుడని నా ప్రార్థన. ఆ కుఱ్ఱవాని క్యూకు ఆ రాత్రి మేమిద్దఱమును కలిసి మధ్యమ తరగతి టిప్పు నొకదానిని అతికించితిమి. మఱునాటి సాయంకాలము పావలాతో పోల్చి దిద్దుచుండగా, "సరిపోయిందా అన్నా?" అని వాడు నాలుగుమార్లు అడిగెను. కొన్నాళ్ళు సాధకము చేసిన పిమ్మట అదే నల్లబంతిని అదే చోట నిలిపి, అదే దెబ్బ కొట్టెను. నిండైన ధ్వని వినబడెను. నల్లబంతి పాకెట్టులో పడెను. తెల్లబంతి ఒక క్షణము నిలిచి, మూరెడు వెనుకకు వచ్చెను. వాడు ఏమియు మాటాడక నల్లబంతిని తీసి, మరల అచ్చటనే పెట్టి, మరల కొట్టెను. తెల్లబంతి మరల మూరెడే వెనుకకు వచ్చెను. అప్పుడు నావైపు తిరిగి నవ్వెను. నేను ఆ పావలాను వానికే ఇచ్చివేసితిని. అది ఇప్పుడు వాని క్యూ పెట్టెలో, చాక్ ప్రక్కన ఉన్నది.