కరోనా వేడి: ఒకే జవాబు చాలదు

మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నరసరావుపేట నన్ను పిలవడం పెద్ద గౌరవం. ఆయన పాండిత్యం గురించి చెప్పడానికి నాకన్నా అర్హులు ఈ హాల్లోనే ఉన్నారు. నాకు బాగా గుర్తున్నది ఒకటే. జవాబు సరిగ్గా వచ్చినా, మధ్యలో ఏం అనుకుని లెక్క చేశామో రాయకపోతే ఆయన సున్నా వేసేవారు.

గుంటూరు గ్రహణం సంగతి మీకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18న జాన్సెన్ అక్కడ సూర్యుడి అంచున లేచిన ఎర్ర జ్వాలల వర్ణపటం చూశాడు. మరుసటి ఏడు అమెరికా గ్రహణంలో యంగ్, హార్క్‌నెస్ సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా వర్ణపటంలో ఒక ఆకుపచ్చ గీత పట్టారు. అది కొత్త మూలకమనుకుని కరోనియం అన్నారు. డెబ్బై ఏళ్ల తర్వాత గ్రోట్రియాన్, ఎడ్లెన్ అది 13 ఎలక్ట్రాన్లు ఊడిన ఇనుమని తేల్చారు. అంతగా ఊడాలంటే పది, ఇరవై లక్షల డిగ్రీలుండాలి. కింద ఉపరితలం చూస్తే 5,500 డిగ్రీలే. పిడుగురాళ్ల సున్నపు బట్టీకి దూరం జరిగేకొద్దీ ఒళ్లు మరింత కాలినట్టుంది వ్యవహారం.

శక్తికి కొరత లేదు. ఉపరితలం చదరపు మీటరుకు 6 కోట్ల వాట్లకు పైగా వెదజల్లుతోంది. ప్రశాంతంగా ఉన్నచోట కరోనాకు 300 వాట్లు చాలు. మచ్చల మీది చురుకైన ప్రాంతాలకు 10,000 దాకా కావాలి. దాన్ని పైకి మోసేది అయస్కాంత క్షేత్రమన్న దాంట్లోనూ పేచీ లేదు. పైన అది వేడిగా ఎలా మారుతుంది? ఆల్ఫ్వెన్ 1942లో చెప్పిన తరంగాల వల్లా, పార్కర్ 1988లో చెప్పిన నానోఫ్లేర్ల వల్లా? నానోఫ్లేర్లంటే, అల్లుకుపోయిన అయస్కాంత రేఖలు తెగి అతుక్కునేటప్పుడు జరిగే చిట్టి పేలుళ్లు.

నానోఫ్లేర్లతోనే కేసు తేలిపోయిందనే వాళ్లతో నాది పాత తగువు. పేలుడు చిన్నదయ్యేకొద్దీ వాటి సంఖ్య ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘాతం 2 దాటితేనే చిన్నవాటి మొత్తం నెగ్గుతుందని 1991లో హడ్సన్ తేల్చాడు. పెద్ద ఫ్లేర్లకు 1993లో క్రాస్బీ బృందానికి వచ్చింది 1.5 చిల్లర. చిన్నవాటికి 1998లో క్రూకర్, బెంజ్ 2.3 నుంచి 2.6 అన్నారు. 2000లో ఆష్వాండెన్ బృందం 1.8 అంది, అదే ఏడాది పార్నెల్, జప్ 2.0 నుంచి 2.6 అన్నారు.

ఒకే సూర్యుడికి ఇన్ని అంకెలా? పార్నెల్, జప్‌ల పత్రం ముందు పెట్టుకుని చూడండి. టెలిస్కోపుకు వెలుగు పరచుకున్న వైశాల్యం కనిపిస్తుంది, లోతు కనిపించదు. లోతు అన్నిటికీ ఒకటే అనుకుంటే ఘాతం 2.4 పైన ఉంటుంది. వైశాల్యంతో పాటు లోతూ పెరుగుతుందనుకుంటే 2.0, 2.1కి దిగిపోతుంది. గెలుపోటముల గీత 2 దగ్గరుంది. ఆ గీత దాకా అంకెను దించింది మనం అనుకున్న లోతు! మాస్టారు దీనికి ఎన్ని మార్కులు వేసేవారో మీరే చెప్పండి.

2014లో బ్రోసియస్ బృందం రాకెట్టులో పంపిన పరికరంతో కోటి డిగ్రీలకు దగ్గరైన మసక వెలుగు పట్టింది కదా అంటారు. పట్టింది, చురుకైన ప్రాంతంలో. అక్కడ నేనూ ఒప్పుకుంటాను. దాన్ని తెచ్చి ప్రశాంత సూర్యుడికి అంటగడితే ఎలా? ప్రశాంత ప్రాంతాల్లో తరంగాలు 100 నుంచి 200 వాట్లు మోస్తున్నాయని 2011లో మెకింటాష్ బృందం లెక్కగట్టింది. కావలసిన దానికి అది దరిదాపుల్లోనే ఉంది. చురుకైన చోట్ల ఆ తరంగాలు చాలవని కూడా వాళ్లే రాశారు. రెండు చోట్ల పద్దులు రెండుగా రాయాల్సిందే.

ఇప్పుడు నా పనంతా ఆ పద్దులే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో బెంగళూరు ఖగోళ భౌతిక సంస్థ వాళ్లు కట్టిన కరోనాగ్రాఫ్ ఉంది. అది ఆ ఆకుపచ్చ గీతనే, 5303 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, చూస్తుంది. తరంగాలు వాయువును ఊపితే గీత వెడల్పవుతుంది. వేడి వల్ల వచ్చే వెడల్పు తీసేశాక మిగిలింది ఎత్తుతో ఎలా మారుతోందో, ప్రశాంత ప్రాంతాలకు వేరుగా, చురుకైన వాటికి వేరుగా రాసుకుంటున్నాను. పెరుగుదల ఎక్కడ ఆగిందో అక్కడ తరంగం తన శక్తిని దించేస్తోందేమో చూడాలి. ప్రతి అంకె పక్కన దేన్ని అనుకుని తీశామో ఒక గడి ఉంటుంది.

ఇస్రో ఈ సమాచారాన్ని అందరికీ తెరిచింది. మాచర్లలో, గురజాలలో డిగ్రీ చదివే పిల్లలకు కంప్యూటరూ ఓపికా ఉంటే చాలు. ఒకే గీతను ఇద్దరు విడివిడిగా కొలవాలి. తేడా వస్తే తేడానూ పట్టికలో ఎక్కించాలి. ఖాళీ గళ్ల పట్టికలు తెచ్చాను. చేయదలచినవారు సభ కాగానే వచ్చి తీసుకోండి.