థైరాయిడ్ అతిక్రియ: ప్రకృతి మందులు ఎంతవరకు?
(ఆరోగ్య అవగాహన సభలో చదివిన ప్రసంగ పాఠం)



యానాం నుండి వచ్చి నగరంలో స్థిరపడిన ఒక గృహిణిని ఊహించవచ్చు. ఆకలికి లోటు లేదు, అయినా బరువు తగ్గుతున్నది. చేతులు వణుకుతున్నాయి, గుండె దడగా ఉన్నది, నిద్ర పట్టడం లేదు. అవటు గ్రంథి, అనగా థైరాయిడ్, అవసరానికి మించి పనిచేస్తున్నదని రక్తపరీక్షలో తేలింది. వైద్యులు కార్బిమజోల్ మాత్రలు వ్రాశారు. రెండు నెలలకు ఆమె కుదుటపడింది. అంతలో పుట్టింటి నుండి అశ్వగంధ చూర్ణం వచ్చింది. "ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయమ్మా, అవి మానేసి ఇది వాడు" అని తల్లి చెప్పింది. ఆ మాటలో ప్రేమ ఉన్నది; ఆ సలహాలో ప్రమాదమూ ఉన్నది.

అశ్వగంధ థైరాయిడ్ హార్మోనును పెంచగలదు. గ్రంథి మందగించినవారికి కొంత మేలు కలగవచ్చునేమో గాని, ఇప్పటికే ఉరకలు వేస్తున్న గ్రంథికి అది హాని. అశ్వగంధ వాడిన కొందరిలో అతిక్రియ లక్షణాలు కనిపించినట్లు వైద్య పత్రికలలో నమోదైనది. సముద్రపు నాచు మాత్రలలో అయోడిన్ అధికంగా ఉండవచ్చు, అదీ చేటే. కనుక "ఇది థైరాయిడ్‌కు మంచిది" అని ఎవరైనా చెప్పినప్పుడు, మందగించినదానికా, అతిగా పనిచేసేదానికా అని అడగడం మొదటి జాగ్రత్త.

ప్రకృతికీ ఔషధానికీ వైరం లేదు. 1928లో అమెరికాలో క్యాబేజీ మేపిన కుందేళ్ళకు గళగండం వచ్చినట్లు పరిశోధకులు గమనించారు. ఆవజాతి గింజలపైనా, గంధకం గల రసాయనాలపైనా సాగిన పరిశోధనల అనంతరం 1943లో ఆస్ట్‌వుడ్ అనే వైద్యుడు థయోయూరియా, థయోయురాసిల్‌లతో రోగులకు చికిత్స చేశాడు. నేటి కార్బిమజోల్ ఆ కోవకు చెందినదే. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాలలో సగ్గుబియ్యానికి ఆధారమైన కర్రపెండలంలోనూ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడే గుణం కొంత ఉన్నది. అయితే కూరలో, దుంపలో ఆ పదార్థం ఎంత ఉన్నదో కొలత లేదు, వండితే తగ్గిపోతుంది. మాత్రలో కొలత ఉన్నది. తేడా అక్కడే.

పరీక్షకు నిలిచిన సహజ పదార్థాలు లేకపోలేదు. 2011లో వెలువడిన ఐరోపా అధ్యయనంలో, గ్రేవ్స్ వ్యాధి వలన కళ్ళకు స్వల్ప ఇబ్బంది కలిగిన 159 మందిపై పరీక్ష జరిగింది. ఆరు నెలలు సెలీనియం వాడినవారి కళ్ళ స్థితి మెరుగుపడింది. 2001లో ఇటలీలో 50 మంది స్త్రీలపై జరిపిన పరీక్షలో ఎల్-కార్నిటిన్ దడ, వణుకు వంటి లక్షణాలను తగ్గించింది; కాని వారిలో అతిక్రియ హార్మోను మాత్రల వలన ఏర్పడినదే. ఇవి తోడు మందులు కాగలవేమో గాని, కార్బిమజోల్‌కు ప్రత్యామ్నాయాలు కావు.

చికిత్స హఠాత్తుగా మానితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు, అరుదుగా ప్రాణాపాయకరమైన థైరాయిడ్ తుఫాను రావచ్చు. ఈ మాత్రలకూ నియమాలున్నాయి. వీటిని వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, ఆ రోజే తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలి. అరుదుగా ఆ కణాలు ప్రమాదకరంగా తగ్గుతాయి. కళ్ళు పచ్చబడినా ఆలస్యం చేయరాదు. గర్భం నిలిచినదని తెలిసిన వెంటనే, లేదా ముందే, వైద్యులకు చెప్పాలి. మందు మార్చవలసి రావచ్చు. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు రక్తపరీక్షలో లేని అతిక్రియను చూపగలవు. పరీక్షకు ముందు వాటి సంగతి కూడా చెప్పాలి.

సెలవులకు ఊరు వెళ్ళేవారు పరీక్షల కాగితాలు, సరిపడా మాత్రలు వెంట ఉంచుకోవాలి. యానాంలో 2024 ఫిబ్రవరిలో 90 పడకల జిప్మర్ విభాగం ప్రారంభమైనది. సమీపాన కాకినాడలో ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రి ఉన్నది.

ఆ గృహిణి తల్లిని నొప్పించనక్కరలేదు. చూర్ణం పొట్లాన్ని మాత్రలతో పాటు సంచిలో వేసుకొని వెళ్ళి, వైద్యుల ఎదుట పెట్టి అడిగితే చాలు. దాచవలసిన విషయం కాదది. జవాబు వచ్చేవరకు మాత్ర మాత్రం మానరాదు.