ఇంటి పనికి వైసు

1847లో ఆరంభమైన ధవళేశ్వరపు ఆనకట్ట పనులకై అచ్చట కర్మశాలయు వెలసెను. కావున ఇనుమును బిగించి పట్టు వైసు మన సీమకు క్రొత్తది కాదు. దానిని ఎంచుకొను తెలివియే వలయును.

నేనొకప్పుడు పైరంగు చూచి పాత వైసు కొంటిని. నాగటి కఱ్ఱును అందు బిగించి సుత్తితో మోదగా, దవడ పగిలి ముక్క నా మనుమని చెవి ప్రక్కగా దూసికొనిపోయెను. తప్పు నాదే. పోత ఇనుము ఆకురాయికి ఓర్చును, సుత్తిదెబ్బకు ఓర్వదు. దెబ్బల పనికి, కాలు నేలకు ఆనునట్టి, కాచి సాగగొట్టిన ఇనుముతో చేసిన వైసే తగినది.

కొనునపుడు కుండను వలె తట్టి చూడుడు. బొంగురు ధ్వని వచ్చినచో పగులున్నదని శంకింపుడు. దవడల రెండు కొనలయందును కాగితపు ముక్కలుంచి బిగింపుడు. లాగినను రెండును రాకున్నచో దవడలు సమముగా కూడినట్లే. ఇంటి పనికి 4 అంగుళముల దవడ చాలును. వెల తక్కువని తొందరపడి పిల్లలకు కీడు తెచ్చుకొనకుడు.